పాట ఉన్న రోగం, పాట లేని రోగం

ఒడిశా గంజాం జిల్లాలోని బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రమాసం వచ్చిందంటే బుఢీ ఠాకురాణి యాత్ర. పాత ఊళ్లో గుడిలో ఉండే అమ్మవారిని దేశీబెహరా వీధిలో కట్టిన తాత్కాలిక మందిరానికి తీసుకొస్తారు. ఉత్సవం ఉన్నన్నాళ్లూ ఆమె పుట్టింటికి వచ్చిన ఆడపడుచు. పిలుపు వెళ్లేది దేశీబెహరా నుంచి, అంటే డేరా కులపెద్ద నుంచి. డేరాలు పట్టుమగ్గం మీద బతికిన తెలుగు దేవాంగులు. మహురి రాజుల ఏలుబడిలో దక్షిణం నుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయినవాళ్లు. రాత్రి అయ్యేసరికి ఘటాలు బయల్దేరతాయి. పసుపు పూసిన ఘటం నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు వీధి వీధీ తిరుగుతారు. ముందూ వెనకా డప్పులు, వాటి మధ్య వేషాలు. పులివేషం కట్టినవాళ్లలో పసిపిల్లలు కూడా ఉంటారు. ఒళ్లంతా పచ్చరంగు, దాని మీద నల్లచారలు, నిద్రమత్తుతో తూలుతున్న కళ్లు. ఆ పిల్లాడికి అది సరదా కాదు, తల్లి మొక్కుబడి. జ్వరంతో వాడి ఒళ్లు కాలిపోయిన రోజుల్లో ఆమె మొక్కుకుంది, వాడు తేరుకున్నాడు, బాకీ తీరుతోంది.

ఈ యాత్ర వెనకాల ఉన్న పాత భయం మశూచి. ఊరిని దాని నుంచి అమ్మే కాపాడుతుందని నమ్మారు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది, 1980లో ప్రపంచమంతటా అది అంతరించినట్టు ప్రకటించారు. రోగం పోయి యాభై ఏళ్లయినా ఘటాలు ఆగలేదు, డప్పు ఆగలేదు. అదే గంజాం జిల్లాలో కుష్ఠు ఇంకా ఉంది. దానికి ఘటం లేదు, వేషం లేదు, ఊరంతా కలిసి పాడే పాట లేదు. అంటువ్యాధికీ కవిత్వానికీ ఉన్న సంబంధం ఈ తేడా దగ్గరే బాగా తెలుస్తుంది. ఏ రోగాన్ని జనం పాటలో పెట్టి పలకరించారో, ఆ రోగి మళ్లీ మనుషుల్లో కలవడానికి ఒక దారి మిగిలింది. పాట కట్టని రోగానికి మిగిలింది వెలి.

ఇంట్లో అమ్మవారు పోసిందంటే పాటించే పద్ధతులు గంజాంలోనైనా, శ్రీకాకుళంలోనైనా, గోదావరి అవతల మహారాష్ట్రలోని సిరొంచలోనైనా దగ్గరదగ్గర ఒకటే. గుమ్మానికి వేపమండలు కడతారు. పోపు ఘుమాయించకూడదు, నీసు వండకూడదు, మంచం దగ్గర గట్టిగా మాట్లాడకూడదు. బయటివాళ్లు లోపలికి రాకూడదు. పిల్లవాడిని వేపాకు పరిచిన పక్క మీద పడుకోబెడతారు, దురద పుడితే గోరు తగలనివ్వకుండా వేపరెమ్మతో నిమురుతారు. చలవ చేసే తిండి పెడతారు. బేసి రోజు చూసి, పసుపూ వేపాకూ వేసిన నీళ్లు పోస్తారు. ఆ నీళ్లు పడ్డాక గుడికి తీసుకెళ్లి చద్ది నైవేద్యం పెట్టించి తీసుకొస్తే అంతటితో సరి. పిల్లవాడు మళ్లీ వీధిలో ఆడుకోవచ్చు. ఎవరూ పక్కకు తప్పుకోరు.

రోగిని విడిగా ఉంచడం అన్న పని ఇందులో పూర్తిగా ఉంది. కాకపోతే దానికి మర్యాద ఉంది, గడువు కూడా ఉంది. ఈ రెంటినీ అందించింది పాటే. అమ్మవారి పాటల్లో రోగాన్ని తిట్టరు. వచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడతారు. ఎదురెళ్లి కాళ్లు కడుగుతారు, నగలు పొగుడుతారు, చల్లగా చూడమంటారు, చివరికి మెల్లగా సాగనంపుతారు. ముత్యాలమ్మ అన్న పేరులోనే ఈ పద్ధతంతా ఉంది. ఒంటి మీద లేచిన పొక్కు అమ్మ పెట్టిన ముత్యమైనప్పుడు దాన్ని చూసి మొహం తిప్పుకోవడం కుదరదు. అసహ్యించుకుంటే అమ్మనే అసహ్యించుకున్నట్టు. అలా పొక్కుల మొహానికి కూడా ఒక గౌరవం దొరికింది.

ఇక్కడ మురిసిపోవాల్సింది మరీ ఎక్కువేమీ లేదు. ఆ పాట ప్రాణాలు నిలపలేదు. అమ్మకు కోపం వస్తుందని టీకాలవాళ్లకు పిల్లల్ని కనబడనివ్వకుండా దాచిన ఇళ్లున్నాయి, ఆ దాచడం వల్లే పోయిన పిల్లలూ ఉన్నారు. మశూచిని తరిమింది టీకా. పాట చేసింది వేరే పని: రోగం పట్టినవాడు ఏదో తప్పు చేశాడన్న ఆలోచనను ఇంట్లోకి రానివ్వలేదు. అమ్మ ఎవరి ఇంటికైనా వస్తుంది, పెద్దింటికైనా పేదింటికైనా. ఎందుకు వచ్చావని ఆమెను అడగరు, ఎప్పుడు వెళతావని మాత్రం మర్యాదగా అడుగుతారు.

ఆ వెళ్లడంలో ఒక చిక్కుంది. పాటను ఆకాశానికెత్తేవాళ్లు దీన్ని తరచుగా దాటేస్తారు. ఉత్తరాంధ్రలో కలరాకు మరిడమ్మ. ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలై రోజుకో పాడె లేస్తుంటే జాతర చేసి ఆమెను పొలిమేర దాటించేవాళ్లు. అమ్మవారి పాటగాళ్లైన ఆసాదులు పాడతారు, అన్నంలో బలి రక్తం కలిపి ఊరి చుట్టూ పొలి చల్లుతారు, బొమ్మనో బండినో హద్దురాయి దాటించి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తారు. పొలిమేర అవతల ఉన్నది ఇంకో ఊరు. వాళ్లకు తెలిస్తే ఆ ఊరివాళ్లూ అదే పని చేసి ఇంకో పొలిమేరకు తోస్తారు. పాట నిండా కరుణే. ఆ కరుణకు మాత్రం హద్దురాయి ఉంది. పైగా అర్ధరాత్రి నెత్తురన్నం గంప ఎత్తుకుని పొలిమేర దాకా వెళ్లే పని ఊళ్లో ఎవరి వంతో అందరికీ తెలుసు. రోగం ఊరు దాటాక కూడా ఆ అంటు వాళ్లనే అంటిపెట్టుకుని ఉండేది. అమ్మవారి పాట రోగిని వెలి నుంచి కాపాడింది గానీ, ఊరు పుట్టినప్పటి నుంచి ఉన్న వెలివాడ జోలికి పోలేదు. పాడేవాళ్లలో ఆ వాడవాళ్లే ఎక్కువమంది అయినా సరే.

గంజాం జిల్లాకు పేరిచ్చిన గంజాం పట్నాన్ని 1815లో ఒక విషజ్వరం ఊడ్చేసింది. కంపెనీ దొరలు కచేరీలు ఎత్తేసి వేరే చోట పెట్టుకున్నారు. రుషికుల్య ఒడ్డున ఆ ఊరు మళ్లీ మునుపటిలా కోలుకోలేదు. దొరలకు ఊరే పొలిమేర దాటించగల వీలుంది, సాలెవాడికీ వాడబలిజకూ లేదు.

ఇక పెద్దరోగం సంగతి. కుష్ఠును ఆ పేరుతో పిలిచేవాళ్లు, ఇప్పటికీ ముసలివాళ్లు అలాగే అంటారు. సంస్కృత కవిత్వంలో దానికి చోటుంది, ఆ చోటు ఎలాంటిదో చూడాలి. ఒడిశాలో అందరికీ తెలిసిన కథ సాంబుడిది. కృష్ణుడి కొడుకు తండ్రి శాపం వల్ల కుష్ఠు తెచ్చుకుని, చంద్రభాగ ఒడ్డున సూర్యుణ్ని కొలిచి బాగుపడ్డాడని కోణార్క్ స్థలపురాణం. హర్షుడి కొలువులోని మయూరుడు కుష్ఠు పోగొట్టుకోవడానికి సూర్యశతకం చెప్పాడని మరో కథ. సరిహద్దుకు ఇవతల అరసవల్లి సూర్యదేవాలయానికి చర్మవ్యాధులున్నవాళ్లు మొక్కులతో వెళ్లడం ఈ నమ్మకం కొనసాగింపే. మూడింట్లోనూ కవిత్వం ఉంది, స్తోత్రం ఉంది. కానీ అది ఒక మనిషి ఒంటరిగా దేవుడికి పెట్టుకునే అర్జీ. ఊరు అందులో గొంతు కలపదు. కథ నడవాలంటే ముందు ఒక పాపం కావాలి: సాంబుడి పొగరు, మయూరుడి నోటిదురుసు. బాగుపడ్డవాడు దేవుడి దయకు సాక్షి అవుతాడు, బాగుపడనివాడు తన పాపానికి తానే సాక్షి. మశూచి వచ్చిన ఇంటిని చూసి అమ్మ వచ్చిందన్న జనమే, కుష్ఠు పొడ కనబడిన ఇంటిని చూసి పూర్వజన్మలో ఏం చేసుకున్నారో అన్నారు.

ఈ రెండో మాటే చట్టంలోకి ఎక్కింది. బ్రిటిష్ ప్రభుత్వం 1898లో కుష్ఠురోగుల చట్టం తెచ్చింది. దాన్ని రద్దు చేయడానికి 2016 దాకా పట్టింది. భార్యకో భర్తకో కుష్ఠు ఉంటే విడాకులు కోరవచ్చన్న నిబంధన 2019 దాకా ఉంది. ఒడిశా పురపాలక చట్టం, 1950 కుష్ఠు ఉన్నవాళ్లు, క్షయ ఉన్నవాళ్లు పురపాలక పదవులకు అనర్హులంది. 2008లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఒడిశా శాసనసభ ఆ నిబంధనను తొలగించడం ఆ తరువాతి మాట. ఆ తీర్పు వచ్చేనాటికే కుష్ఠుకు బహుళ ఔషధ చికిత్స వచ్చి పాతికేళ్లు దాటింది. మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఎదుటివారికి అంటించే గుణం పోతుందని వైద్యులందరికీ తెలుసు. ప్రజారోగ్య సమస్యగా కుష్ఠు నిర్మూలన అయిందని, అంటే పదివేలమందిలో ఒకరి కంటే తక్కువకు దిగిందని, దేశం 2005 చివర్లోనే చెప్పుకుంది. లెక్క తగ్గింది, మాట తగ్గలేదు.

కుష్ఠు గురించి స్తోత్రం కాని కవిత్వం ఈ సరిహద్దుల్లో దొరికేది మహారాష్ట్ర వైపు, చంద్రపూర్ జిల్లాలో. బల్లార్‌పూర్ బొగ్గుగనుల్లో, కాగితం మిల్లులో పనికి వెళ్లి అక్కడే ఇళ్లు కట్టుకున్న తెలుగు కుటుంబాలకు వరోరా కొత్త పేరు కాదు. 1949లో బాబా ఆమ్టే ఆరుగురు కుష్ఠురోగులతో అక్కడ ఆనందవనం మొదలుపెట్టాడు. దానికి ముందు జరిగిన సంగతి ఆయనే దాచుకోకుండా చెప్పుకున్నాడు. వానలో దారిపక్కన చావుబతుకుల్లో ఉన్న తులసీరాం అనే కుష్ఠురోగిని చూసి, దేనికీ భయపడని మనిషినని పేరు పడ్డవాడు భయంతో పారిపోయాడు. ఆ పరుగు తనను వెంటాడిందని, ఆ భయం పోగొట్టుకోవడానికే ఈ పనిలో దిగానని అన్నాడు.

ఆమ్టే కవి కూడా. ఆయన మరాఠీ కవితల సంపుటి ‘జ్వాలా ఆణి ఫులే’లో రోగి మీద జాలి వెతికితే దొరకదు. దానం మనిషిని చెడగొడుతుంది, పని నిలబెడుతుందని ఆనందవనం గోడల మీద ఉన్న సిద్ధాంతమే కవితల్లోనూ నడుస్తుంది. ఆ కవితలు చెమటను పొగుడుతాయి, మట్టిని పొగుడుతాయి, పొడవాటి ఊపిరితో ఉపన్యాసంలా సాగుతాయి. కొన్నిచోట్ల గొంతు మరీ పెద్దదవుతుంది కూడా. కానీ ఒక పని జరిగింది. అంతకుముందు కుష్ఠురోగి చెయ్యి కవిత్వంలోకి వచ్చిందంటే అడుక్కోవడానికే. ఇక్కడ ఆ చెయ్యి బావి తవ్వింది, జొన్న పండించింది, ఆ జొన్న తినాలా వద్దా అన్న చిక్కుప్రశ్న వరోరా జనం ముందు పెట్టింది. అమ్మవారి పాట పొక్కును ముత్యం చేసి రోగికి మర్యాద ఇస్తే, ఈ కవిత్వం ఒంటికి ఏ నగా తొడగకుండా పని చూపించి మర్యాద అడిగింది. తరువాత ఆనందవనంలోనే ‘స్వరానందవన్’ అనే పాటల బృందం పుట్టింది. కుష్ఠు నయమైనవాళ్లు, చూపులేనివాళ్లు, వినికిడి లేనివాళ్లు వేదిక ఎక్కి ఆడతారు, పాడతారు. టికెట్టు కొని వచ్చి చప్పట్లు కొట్టే జనం ముందు రోగే పాటగాడు కావడం పుస్తకంలో అచ్చయిన కవిత కంటే పెద్ద మార్పు.

ఎందుకంటే అసలు తేల్చుకోవాల్సింది పాటలో మాట్లాడేది ఎవరన్నది. అమ్మవారి పాటలో అమ్మ మాట్లాడుతుంది, గణాచారి ఒంటి మీదికి వచ్చి ఊరిని నిలదీస్తుంది. ఆమ్టే కవితలో ఆమ్టే మాట్లాడతాడు. రోగి మాట్లాడే పాట కోసం పర్లాకిమిడి వైపు వెళ్లాలి. ఆ పేరు చెప్పగానే తెలుగువాడికి గుర్తొచ్చేది గిడుగు రామమూర్తి. వాడుకభాష ఉద్యమం కంటే ముందే ఆయన సవరల కొండలెక్కాడు, వాళ్ల భాష నేర్చాడు, పాటలూ కథలూ సేకరించాడు. ఆ మన్యం తిరుగుళ్లలో విషజ్వరం పట్టుకుంది, దానికి మింగిన క్వినైన్ ఆయన వినికిడిని తినేసింది. సవర మాట వినడానికి వెళ్లినవాడు ఆ వినికిడినే పోగొట్టుకుని, ఆ తరువాత సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కట్టాడు. ఒడిశా రాష్ట్రం 1936లో ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయాడు. ఆయన చెవుడు గురించి జాలిగా చెప్పుకోవడం మామూలే. మన్యపు జ్వరం మైదానంవాడి ఒంటి మీద వదిలిన గుర్తుగా దాన్ని చూసినవాళ్లు తక్కువ.

గిడుగు విన్న ఆ భాషలో చచ్చిపోయినవాళ్లు మాట్లాడతారు. సవర కర్మకాండలో పూనకం వచ్చిన కుడాను (పూజారి), చాలాసార్లు ఒక స్త్రీ, నోటి వెంట చనిపోయిన మనిషి దిగుతాడు. చుట్టూ కూర్చున్న చుట్టాలు ఆ మనిషితో వాదిస్తారు, ఏడుస్తారు, ఎగతాళి చేస్తారు, సర్దిచెబుతారు. పాటగా సాగే భాగం జంట పాదాల్లో నడుస్తుంది, మొదటి పాదంలో అన్నదే రెండో పాదంలో మరో మాటతో తిరిగొస్తుంది. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955 నాటి తన పుస్తకంలో సవరల మతం గురించి, రోగాలు తప్పించుకోవడానికి గోడల మీద వేసే బొమ్మల గురించి వివరంగా రాశాడు. పియర్స్ విటెబ్‌స్కీ ఏళ్లతరబడి ఆ ఊళ్లలో ఉండి 1993లో ఈ సంవాదాల మీదే పుస్తకం వేశాడు. ఆ నమ్మకం ప్రకారం మనిషి ఏ రోగంతో పోతే ఆ రోగపు సొనుంలో, అంటే ఆ రోగపు ఆత్మలో కలుస్తాడు. మశూచితో పోయినవాళ్లకు రుగబోయి. వాళ్లు తాము పడ్డ నొప్పినే బతికున్న చుట్టాలకు పంపగలరు. పంపేది పగతోనే కాదు, ప్రేమతో కూడా, వదల్లేక. అందుకే వాళ్లను మాట్లాడించాలి, ఎన్నో ఏళ్లపాటు మళ్లీమళ్లీ మాట్లాడించాలి. క్రమంగా వాళ్ల కోపం చల్లారుతుంది.

అంటురోగంతో పోయినవాడి శవం దగ్గరికి ఎవరూ రాని లోకంలో, ఆ శవానికే ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చిన కవిత్వరూపం ఇది. ఇంత దూరం వెళ్లిన లిఖితకవిత్వం తెలుగులోనూ ఒడియాలోనూ అరుదు. ఇప్పుడు సవర యువతరంలో చాలామంది క్రైస్తవంలోకో హిందూ పద్ధతుల్లోకో వెళ్లారు. సంవాదాలు తగ్గిపోయాయి, కుడాన్లు ముసలివాళ్లయ్యారు. చచ్చినవాళ్లతో వాదించే శ్రమ తప్పినందుకు సంతోషించేవాళ్లూ వాళ్లలో ఉన్నారు. అది వాళ్ల ఇష్టం. బయటినుంచి వచ్చి పాడుతూనే ఉండండని చెప్పడం ఎవరికీ తగదు.

అచ్చులో ఉన్న తెలుగు కవిత్వం వైపు వస్తే, గిడుగుతో కలిసి విజయనగరంలో చదువుకున్న గురజాడ దగ్గర ఆగాలి. 1910లో హేలీ తోకచుక్క వస్తే కరువులు, రోగాలు వస్తాయని జనం వణికిన రోజుల్లో ‘ముత్యాల సరాలు’లో ఆయన దాన్ని భూమికి దూరపు చుట్టాన్ని చేశాడు. అమ్మవారి పాట చేసే పని కూడా అదే కదా, భయాన్ని చుట్టరికంలోకి దించడం. కాకపోతే గురజాడ దగ్గర దేవత లేదు. వెలి గురించి ఆయన సూటిగా అడిగింది వేరే గేయంలో:

మనిషి చేసిన రాయి రప్పకి
మహిమ కలదని సాగి మొక్కుతు
మనుషులంటే రాయి రప్పల
కన్న కనిష్టం
గాను చూస్తావేల బేలా?

ఇందులో రోగం ఊసు లేదు. అయినా పొలిమేర దగ్గర పసుపు పూసిన రాయికి దణ్ణం పెట్టి, అక్కడే కూర్చున్న పొడ మనిషికి దూరంగా తప్పుకునే పద్ధతికి ఇంతకంటే సరిగ్గా తగిలే తెలుగు పాదాలు లేవు. ‘మహాప్రస్థానం’లో శ్రీశ్రీ ముసలి బిచ్చగత్తె జబ్బు చేసి పడిపోయి ఉంటుంది. ఆ అవ్వే మరణిస్తే ఆ పాపం ఎవ్వరిదని అడిగేది కవి కాదు, వెర్రిగాలి. అడిగేసి వెళ్లిపోతుంది కూడా. పాపం అన్న మాటను రోగి నుంచి ఊడబెరికి దారినపోయేవాళ్ల మీద పడేయడం అక్కడ జరిగిన పెద్ద పని. మయూరుడి కథ నుంచి చూస్తే తలకిందులైన లెక్క. అయితే అవ్వ నోరు విప్పదు. సవర కర్మకాండలో అయితే ఆమె చనిపోయాకైనా విప్పేది.

ఒడియాలో ఈ లెక్కను ఇంకా కర్కశంగా చూపించింది పద్యం కాదు, కథ. ఫకీర్‌మోహన్ సేనాపతి 1898లో రాసిన ‘రేవతి’లో కలరా ఒక ఇంటిని తుడిచేస్తుంది. మిగిలిన నాయనమ్మ ఇదంతా మనవరాలు చదువుకున్నందుకే వచ్చిందని తిడుతుంది. రోగానికి కారణం వెతికేటప్పుడు చెయ్యి ఎప్పుడూ ఇంట్లో అందరికంటే నోరు లేనివాళ్ల వైపే చాస్తుందని ఆ ముసలమ్మ తిట్ల కంటే బాగా ఎవరూ చెప్పలేదు. మహారాష్ట్రలో ఆడపిల్లలకు చదువు చెప్పినందుకు పేడనీళ్లు చల్లించుకున్న కవయిత్రి సావిత్రీబాయి ఫూలే ఆ కథకు ముందు ఏడాదే, 1897 మార్చిలో, ప్లేగు సోకిన పిల్లవాడిని వీపున మోసుకెళ్లి అదే ప్లేగుతో పోయింది.

2020లో ఈ పాత సంగతులన్నీ ఒక్కసారిగా మీదికొచ్చాయి. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వలసపోయినవాళ్లు మే నెలలో రైళ్లలో తిరిగొచ్చారు. వాళ్లలో తెలుగు ఇళ్లవాళ్లూ ఉన్నారు. పంచాయతీ బడుల్లో క్వారంటైన్. ఆ కేంద్రాల మీద సర్పంచులకు కలెక్టర్ అధికారాలు ఇచ్చారు. ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టు మూసుకుపోయింది. మేనరికాలు, మగ్గం బట్టల బేరాలు, ఆసుపత్రి పనులు అన్నీ ఆ రోడ్డు మీదే నడిచే కుటుంబాలకు రాష్ట్ర సరిహద్దు అప్పుడు నిజమైన పొలిమేర అయింది. సూరత్ నుంచి వచ్చినవాడికి గడువు ఉంది. గడువు తీరాక నీళ్లు పోసి లోపలికి పిలిచే తంతు మాత్రం లేదు. కాగితం చేతికిచ్చి పంపితే, ఆ కాగితాన్ని వీధి నమ్మలేదు. ఇన్నాళ్లూ డబ్బు పంపిన కొడుకు ఒక్క నెలలో ‘సూరత్‌వాడు’ అయిపోయాడు.

అప్పుడు తెలుగులో కవితలు కుప్పలుగా వచ్చాయి. ఫోన్లలో, పత్రికల్లో, సంకలనాల్లో ఎక్కడ చూసినా అవే. వాటిలో ఎక్కువ భాగం కరోనాను రక్కసి అన్నాయి, దాని మీద యుద్ధం ప్రకటించాయి, చేతులు కడుక్కోమన్నాయి. ప్రాసలు బాగానే కుదిరాయి. వలసకూలీ నడక మీద వచ్చిన కవితలు వీటికంటే చాలా మెరుగు, ఆ నడకను చూడకుండా ఉండలేకపోయిన కవులు నిజంగానే రాశారు. కానీ నడిచినవాడు ఊరు చేరాక ఏమైంది? రచ్చబండ దగ్గర అతని కోసం ఎవరు జరిగి చోటిచ్చారు? కవిత్వం చాలావరకు అతణ్ని రోడ్డు మీదే వదిలేసింది. రాక్షసుణ్ని సృష్టించిన కవిత్వానికి ఒక ఇబ్బంది తప్పదు. రాక్షసుడు పూనిన ఒళ్లు కూడా రాక్షసుడి ఇల్లే అవుతుంది. అమ్మవారి పాట కట్టిన నిరక్షరాస్యులు ఈ ఇబ్బందిని ముందే కనిపెట్టారు.

ఒడిశాలోని మల్కన్‌గిరిలో 2016లో జరిగినదానికైతే ఏ రక్కసీ సరిపోలేదు. కొద్ది నెలల్లో వందమంది దాకా ఆదివాసీ పిల్లలు పోయారు. మొదట మెదడువాపు అన్నారు, పందుల వల్ల అన్నారు. పందుల్ని ఊళ్ల నుంచి దూరంగా తరిమించారు. పంది పెంచే ఇంటికి పండగా అదే, పెళ్లీ అదే, చేతిలో రూపాయీ అదే. ఆ ఇళ్లవాళ్లు పిల్లల్ని పోగొట్టుకుని, పిల్లల్ని చంపినవాళ్లన్నట్టు కూడా చూడబడ్డారు. తరువాత నిపుణుల సంఘం చాలా మరణాల వెనక కసివింద గింజల విషం ఉందని చెప్పింది. ఆకలేసిన పిల్లలు చేను గట్టు మీది కాయలు తిన్నారు. దోమ, పంది, మురికి అన్న కథ కంటే ఆకలి కథ చెప్పడానికి కష్టం, అందులో వేలు చూపించడానికి ఆదివాసీ ఇల్లు దొరకదు.

వేలు చూపించడానికి ఎవరూ దొరక్కపోతే చిల్లంగి దొరుకుతుంది. గంజాం, రాయగడ, కోరాపుట్ నుంచి గడ్చిరోలి దాకా రోగం తగ్గని ఇంటివాళ్లు ఎవరో ముసలామె మీదో, ఒంటరివాడి మీదో చేతబడి నింద వేయడం ఇంకా పోలేదు. ఒడిశా, మహారాష్ట్ర రెండూ 2013లోనే దీనికి విడివిడిగా చట్టాలు తెచ్చాయి. అయినా 2019లో గంజాం జిల్లాలో కొందరు వృద్ధుల పళ్లు ఊడగొట్టారు. పల్లెపాట కూడా ఇక్కడ తప్పించుకోలేదు. మంత్రగత్తెను భయంకరంగా వర్ణించే కథాగేయాలకు మన దగ్గర కొదవ లేదు, వాటిని జానపద సంపద అని సేకరించి అచ్చేసేటప్పుడు ఎవరి మీద కట్టినవో ఒక మాట రాయడం సంపాదకుల పని.

ప్రతి జనవరి 30న కుష్ఠు అవగాహన కోసం గ్రామసభలు పెడుతున్నారు. కలెక్టర్ సందేశం చదువుతారు. సప్నా అనే బడిపిల్ల పాత్ర ఒకటుంది, ఊరి అమ్మాయే ఎవరో ఆ పాత్ర వేసి జనంతో మాట్లాడుతుంది. స్పర్శ తెలియని మచ్చ ఉంటే చూపించుకోండి, మందు ఉచితం, వివక్ష వద్దు అంటుంది. అన్నీ సరైన మాటలే. గజపతి జిల్లాలో ఒడియాలో, సిరొంచలో మరాఠీలో వినిపిస్తాయి. ఇంట్లో సవరో తెలుగో మాట్లాడే ముసలమ్మ తల ఊపి ఇంటికి వెళుతుంది. ఆసాది పాటలో వంత అందుకునేవాళ్లుంటారు, సవర సంవాదంలో ఎదురుప్రశ్న వేసేవాళ్లుంటారు. సప్నా ఎదుట పొడ ఉన్న మేనత్తనో, సగంలో మందు మానేసిన తండ్రినో కూర్చోబెట్టి, మందు మింగితే పెళ్లి కుదురుతుందా అని ఆ మేనత్త చేత అడిగించి, నాలుగు చరణాలు నడపగల, జముకు వాయిస్తూ కథ పాడే జముకులవాళ్లు శ్రీకాకుళం జిల్లాలో ఇంకా ఉన్నారు. వాళ్ల తెలుగు బరంపురానికీ పర్లాకిమిడికీ అర్థమవుతుంది. జముకు మోతకు వీధి ఎలాగూ ఆగుతుంది, ఠాకురాణి యాత్రలో ఆగుతున్నట్టే.